సింగిల్స్‌లోనే ఉండాలా, డబుల్స్‌కి మారాలా? ఇద్దరు థాయ్ ఛాంపియన్ల కెరీర్లు పక్కపక్కన పెట్టి చూస్తే

మొన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, కోచ్‌గారు దీన్ని ఇక డబుల్స్‌లో ఆడిద్దాం అంటున్నారురా. సింగిల్స్‌కి పనికిరాదని చెప్పడమేగా అది?" అంది. గొంతు బాగా దిగిపోయి ఉంది. 'దీన్ని' అంటే నా మేనకోడలిని. పదహారేళ్లు. తొమ్మిదో ఏట బ్యాడ్మింటన్ రాకెట్ పట్టింది. అప్పటి నుంచి పొద్దున్నే ఐదింటికి స్కూటీ మీద కోర్టుకు తీసుకెళ్లేది అక్కే. కోచ్ ఆ మాట అనగానే ఈ ఏడేళ్ల చలీ వానా అక్క కళ్ల ముందు తిరిగి ఉంటాయి.

ఆ రాత్రికి ఏదో సర్దిచెప్పాను గానీ, నాకే తృప్తిగా లేదు. షటిల్ ఆడే పిల్లలున్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. చాలామంది తల్లిదండ్రులు అక్కలాగే అనుకుంటారు: సింగిల్స్ అంటే మెట్టు ఎక్కడం, డబుల్స్ అంటే మెట్టు దిగడం అని. ఆ లెక్క నిజమో కాదో చూడాలంటే నాకు ఇద్దరు థాయ్‌లాండ్ ఆటగాళ్లు గుర్తొస్తారు. ఒకరు బూన్‌సాక్ పొన్సానా. రాకెట్ పక్కన పెట్టేదాకా సింగిల్స్‌నే నమ్ముకున్నాడు. రెండో ఆమె సప్సిరీ తేరత్తనచై. సింగిల్స్‌లో టైటిళ్లు గెలిచే స్థాయికి చేరి కూడా డబుల్స్‌కి మారింది. ఇద్దరిలో ఎవరి దారి మేలు?

ముందు బూన్‌సాక్ సంగతి. మనవాళ్లలో చాలామందికి అతని పేరు తెలియదు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్. అప్పటికి అతనికి 22 ఏళ్లు. ఆ ఒలింపిక్స్ తొలి రౌండ్లోనే టాప్ సీడ్ చైనా ఆటగాడు లిన్ డాన్‌ను సింగపూర్‌కు చెందిన రొనాల్డ్ సుసీలో ఓడించి పెద్ద సంచలనం చేశాడు. ఆ సుసీలోను క్వార్టర్‌ఫైనల్లో 15-10, 15-1తో చిత్తు చేసింది బూన్‌సాక్. సెమీస్‌లో ఎదురుపడింది ఇండోనేషియా ఆటగాడు తౌఫీక్ హిదాయత్. ఆ ఏడాది స్వర్ణం తీసుకెళ్లినవాడు అతనే, అతని చేతిలో ఓడిపోవడం తప్పేమీ కాదు. అసలు కథ కాంస్య పతకం మ్యాచ్‌లో జరిగింది.

అవతల ఇండోనేషియాకే చెందిన సోనీ ద్వి కుంకోరో. మొదటి గేమ్ 15-11తో సోనీది. రెండో గేమ్ 17-16 దాకా వెళ్లింది. అప్పటి పద్ధతి ఇప్పటి పిల్లలకు తెలియదు. సర్వీసు చేసేవాడికే పాయింటు. సర్వీసు లేనప్పుడు ర్యాలీ గెలిస్తే సర్వీసు చేతికొస్తుంది, అంతే. మగవాళ్ల గేమ్ 15కి అయిపోవాలి, 14-14 అయితే 17 దాకా పొడిగించుకోవచ్చు. 16-16 దగ్గర ఇద్దరూ ఎలా నిలబడి ఉంటారో ఒక్కసారి ఊహించుకోండి. సర్వీసు చేతిలో ఉన్నవాడు ఒక్క ర్యాలీ గెలిస్తే గేమ్ అతనిది. ఆ ఒక్క పాయింటు బూన్‌సాక్‌కు వచ్చి ఉంటే మూడో గేమ్ ఉండేది, పతకం మీద ఆశ ఉండేది. రాలేదు. నాలుగో స్థానంతో ఇంటికెళ్లాడు.

బ్యాడ్మింటన్‌లో థాయ్‌లాండ్‌కు తొలి ఒలింపిక్ పతకం రావడానికి ఆ తర్వాత సరిగ్గా 20 ఏళ్లు పట్టింది. 2024 పారిస్‌లో కున్లావుత్ వితిద్సర్న్ రజతం గెలిచాడు. 

నాలుగో స్థానం అంత కష్టమైనది ఇంకోటి లేదని నేను నమ్ముతాను. మొదటి రౌండ్లో ఓడినవాడు రాత్రికి నిద్రపోగలడు. నాలుగో స్థానంవాడికి ఆ ఒక్క పాయింటు ఏళ్ల తరబడి చెవిలో మోగుతూ ఉంటుంది. అయినా బూన్‌సాక్ ఆట మానలేదు. 2000 సిడ్నీతో మొదలుపెట్టి ఏథెన్స్, బీజింగ్, లండన్, 2016 రియో దాకా వరుసగా ఐదు ఒలింపిక్స్‌లో సింగిల్స్ ఆడాడు. మన లెక్కలో చెప్పాలంటే, గోపీచంద్ ఆడిన ఒలింపిక్స్‌లో ఆడినవాడే సింధు రజతం గెలిచిన ఒలింపిక్స్‌లో కూడా ఆడాడు. మధ్యలో 2006లో పాయింట్ల పద్ధతే మారిపోయింది. ప్రతి ర్యాలీకీ పాయింటు, 21కి గేమ్. పాత పద్ధతిలో ఓపికగా కూర్చుని తిరిగి పుంజుకునేవాళ్లకు కొత్త పద్ధతిలో ఆ తీరిక లేదు. ఆ మార్పుకు తట్టుకోలేక వెనకబడ్డవాళ్లు ఉన్నారు. ఇతను తట్టుకున్నాడు. తట్టుకోవడమే కాదు, తన పెద్ద టైటిళ్లు రెండూ కొత్త పద్ధతిలోనే గెలిచాడు: 2007లో ఒకసారి, 2012లో మరోసారి సింగపూర్ సూపర్ సిరీస్. రెండుసార్లూ ఫైనల్లో అవతల ఉన్నది చైనా ఆటగాడే. మధ్యలో 2008లో మన హైదరాబాద్‌కు వచ్చి ఇండియా ఓపెన్ కూడా పట్టుకెళ్లాడు.

ఇక 2013 జూన్. అతనికి 31 ఏళ్లు. బ్యాంకాక్‌లో సొంత జనం ముందు థాయ్‌లాండ్ ఓపెన్ ఫైనల్. అవతల ఎవరనుకున్నారు? గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్. ఇరవయ్యేళ్లవాడు, అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియదు. 21-16, 21-12. వరుస గేముల్లో అయిపోయింది. ఆ రోజు మనమంతా శ్రీకాంత్ కోసం ఎగిరి గంతేశాం, వేయాల్సిందే. నెట్‌కు అవతల ఓడి చేయి కలిపినవాడి గురించి ఆలోచించే తీరిక అప్పుడు నాకూ లేదు. అదే నెలలో సింగపూర్ వెళ్లి అక్కడా ఫైనల్ చేరాడు బూన్‌సాక్. టామీ సుగియార్తో చేతిలో ఓడిపోయాడు. ముప్పై దాటిన సింగిల్స్ ఆటగాడు ఒకే నెలలో రెండు ఫైనల్స్ ఆడటం మాటలు కాదు.

ఒక్క మాటలో బూన్‌సాక్ కెరీర్: ఒలింపిక్ పతకం లేదు, ప్రపంచ టైటిల్ లేదు. ఇరవై ఏళ్లకు దగ్గరగా పై స్థాయి ఆట ఉంది.

ఇప్పుడు సప్సిరీ.

ఉడోన్ థానీ అమ్మాయి, 1992లో పుట్టింది. సింగిల్స్‌లో ఆమెకు ఆట లేదని ఎవరూ అనలేరు. 2013లో యూఎస్ ఓపెన్ మహిళల సింగిల్స్ గెలిచింది. కానీ ఆమె ఏ దేశంలో, ఏ కాలంలో పుట్టిందో చూడండి. తనకన్నా మూడేళ్లు చిన్నదైన రచనోక్ ఇంతనోన్ అదే దేశం. రచనోక్ 14 ఏళ్లకే ప్రపంచ జూనియర్ ఛాంపియన్. 2013లో గ్వాంగ్‌జౌలో 18 ఏళ్లకు ప్రపంచ ఛాంపియన్. అక్కడ సెమీఫైనల్లో ఆమె చేతిలో ఓడింది మన సింధునే, గుర్తుండే ఉంటుంది. తర్వాత 2016లో ఏప్రిల్ నెలలో వరుసగా ఇండియా, మలేషియా, సింగపూర్ టైటిళ్లు గెలిచి ప్రపంచ నంబర్ వన్ అయింది. రచనోక్ ఒక్కతే కూడా కాదు. పోర్న్‌టిప్, నిచావోన్, బుసానన్, ఇలా అప్పటి థాయ్ మహిళల సింగిల్స్‌లో క్యూ పొడుగ్గానే ఉంది.

ఒలింపిక్స్ నిబంధన ఏమంటే, ఒక దేశం నుంచి సింగిల్స్‌కు ఇద్దరు వెళ్లాలన్నా ఆ ఇద్దరూ ప్రపంచ ర్యాంకింగ్స్‌లో మొదటి 16లో ఉండాలి. లేదంటే ఒక్కరే. మన దగ్గర సైనా, సింధు ఒకేసారి ఆడిన రోజుల్లో మూడో స్థానంలో ఉన్న అమ్మాయి గతేమిటో ఆలోచిస్తే సప్సిరీ ముందున్న గోడ ఎంత ఎత్తో తెలుస్తుంది.

ఆమె మనసులో ఏముందో నేను చెప్పలేను, చేసింది మాత్రం కనిపిస్తోంది. 2016 రియోకు మహిళల డబుల్స్‌లో పుత్తితా సుపజిరకుల్‌తో కలిసి వెళ్లింది. ఆ తర్వాత తనకన్నా ఐదేళ్లు చిన్నవాడైన డెచాపోల్ పువావరానుక్రోతో మిక్స్‌డ్ డబుల్స్‌లో కుదురుకుంది. 2019లో బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ రజతం. 2021 జనవరిలో బ్యాంకాక్‌లో, కరోనా వల్ల ప్రేక్షకులు లేని స్టేడియంలో, మూడు వారాల్లో మూడు టైటిళ్లు: రెండు థాయ్‌లాండ్ ఓపెన్‌లు, వరల్డ్ టూర్ ఫైనల్స్. ఏడాది చివర్లో బాలిలో మళ్లీ వరుసగా మూడు. అక్కడి నుంచి నేరుగా స్పెయిన్‌లోని వెల్వాకు వెళ్లి, డిసెంబర్ 19న జపాన్ జోడీ వతనాబె, హిగషినోలను 21-13, 21-14తో ఓడించి ప్రపంచ ఛాంపియన్లు అయ్యారు. మిక్స్‌డ్‌లో థాయ్‌లాండ్‌కు అదే మొదటిసారి.

మిక్స్‌డ్‌లో సాధారణంగా అమ్మాయి నెట్ దగ్గర, అబ్బాయి వెనక. ప్రత్యర్థులు ఎప్పుడూ చేసే పని అమ్మాయిని వెనక్కి తోసెయ్యడం. ఆమె తల మీదుగా షటిల్ ఎత్తి, వెనక మూల నుంచి కొట్టనిచ్చి, ముందు ఖాళీ అయిన చోట పాయింటు తీసుకుంటారు. సింగిల్స్‌లో పెరిగిన అమ్మాయి దగ్గర ఈ ఎత్తు పారదు. వెనక మూల ఆమెకు పుట్టిల్లు లాంటిది. అక్కడి నుంచి స్మాష్ కొట్టగలదు, డ్రాప్ వేయగలదు, మళ్లీ రెండడుగుల్లో ముందుకు రాగలదు. సప్సిరీ ఆట చూస్తే ఇదే కనిపిస్తుంది. కోచ్ డబుల్స్ అనగానే అక్క అంత దిగులుపడింది గానీ, ఆ ఏళ్ల సింగిల్స్ సాధన ఎక్కడికీ పోదు. డబుల్స్‌లో అదే పెట్టుబడి.

ఇక రెండు దారుల్లో దేని కష్టం దానిదే.

ఒంటి సంగతి మొదట. సింగిల్స్ కోర్టు వెడల్పు 5.18 మీటర్లు, డబుల్స్‌ది 6.10 మీటర్లు. చూడటానికి డబుల్స్ కోర్టే పెద్దది, కానీ దాన్ని ఇద్దరు పంచుకుంటారు. సింగిల్స్‌లో తన సగమంతా ఒక్కరే కాయాలి, నాలుగు మూలలూ, ప్రతి షటిలూ, గంటకు పైగా. మోకాళ్లకు, చీలమండలకు విశ్రాంతి ఉండదు. డబుల్స్ తేలికని నేను అనను. అక్కడ షటిల్ మొహం మీదికి వచ్చే వేగం వేరు, కళ్లూ మణికట్టూ ఒకేసారి పనిచేయాలి. కానీ ముప్పై దాటాక కాళ్లు నెమ్మదించినా చేతులు అంత తొందరగా నెమ్మదించవు. సప్సిరీ ప్రపంచ ఛాంపియన్ అయ్యేనాటికి ఆమెకు 29. బూన్‌సాక్ 31కి సింగిల్స్ ఫైనల్స్ ఆడాడంటే, అది అందరికీ సాధ్యమయ్యేది కాదని తెలిసే మనం ఆశ్చర్యపోతున్నాం.

డబ్బు విషయంలో మాత్రం సింగిల్స్‌దే పైచేయి, ఇందులో దాపరికం అక్కర్లేదు. పెద్ద టోర్నీల మొత్తం ప్రైజ్ మనీలో సింగిల్స్ విజేతకు ఏడు, ఏడున్నర శాతం వస్తుంది. డబుల్స్ జోడీకి దానికన్నా అర శాతం కూడా ఎక్కువ రాదు, అదీ ఇద్దరూ పంచుకోవాలి. పేరు కూడా అంతే. పేపర్లో ఫొటో ముందు సింగిల్స్‌వాళ్లదే పడుతుంది. సాత్విక్, చిరాగ్ వచ్చాక మన దగ్గర ఇది కొంత మారింది. అమలాపురం కుర్రాడు డబుల్స్ ఆడి ఇంటింటికీ తెలిశాడంటే, పదేళ్ల కిందట ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

మూడోది భాగస్వామి. నాకు అన్నిటికన్నా బరువైనదిగా కనిపించేది ఇదే. బూన్‌సాక్‌కు 16-16 దగ్గర తోడు ఎవరూ లేరు. తప్పు చేస్తే తనదే, గెలిస్తే తనదే. ఐదు ఒలింపిక్స్ ఆడాలని అతను అనుకుంటే చాలు, ఇంకొకరి ఒళ్లు, ఇంకొకరి మనసు సహకరించాల్సిన పని లేదు. డబుల్స్‌లో అలా కుదరదు. సప్సిరీ, డెచాపోల్ అంత గెలిచారు గదా, టోక్యోలో క్వార్టర్‌ఫైనల్లోనే ఆగిపోయారు, పారిస్‌లోనూ పతకం రాలేదు. 2025 వచ్చేసరికి డెచాపోల్ పక్కన సప్సిరీ కాదు, సుపిస్సారా అనే మరో అమ్మాయి ఆడుతోంది. జోడీ విడిపోతే ఒక్కొక్కరు మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. పెళ్లి సంబంధం ఎంత ఆలోచించి చూస్తామో భాగస్వామిని అంత ఆలోచించి చూడాలని అక్కతో అన్నాను. నవ్వింది గానీ, నేను సరదాకి అనలేదు.

ఒలింపిక్ పతకం లెక్కలోకి తీసుకుంటే ఇద్దరి చేతులూ ఖాళీయే. ప్రపంచ ఛాంపియన్ రచనోక్ కూడా లండన్ నుంచి పారిస్ దాకా నాలుగు ఒలింపిక్స్ ఆడి పతకం లేకుండానే తిరిగొచ్చింది. కాబట్టి ఆ ఒక్క కొలతతో కొలిస్తే థాయ్‌లాండ్‌లో ఒక తరం మొత్తం దండగ అనాల్సి వస్తుంది. అది ఘోరమైన అన్యాయం.

ఇంతసేపూ ఒక మాట ఆపుకున్నాను. 2013లో బ్యాంకాక్‌లో బూన్‌సాక్‌ను ఓడించిన శ్రీకాంత్ మొదట డబుల్స్ ఆటగాడే. జూనియర్‌గా డబుల్స్, మిక్స్‌డ్ ఆడి పతకాలు తెచ్చుకున్నాడు. అతన్ని సింగిల్స్‌కి మార్చింది గోపీచంద్. అన్న నందగోపాల్ డబుల్స్‌లోనే కొనసాగాడు. శ్రీకాంత్ మార్పు ఫలితం మనకు తెలుసు: 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు, 2018లో ప్రపంచ నంబర్ వన్. వెల్వాలో సప్సిరీ ప్రపంచ ఛాంపియన్ అయిన 2021 డిసెంబర్ 19నే, అదే హాల్లో, శ్రీకాంత్ పురుషుల సింగిల్స్ ఫైనల్ ఆడి రజతం అందుకున్నాడు. ఆమె సింగిల్స్ నుంచి డబుల్స్‌కి వచ్చింది, ఇతను డబుల్స్ నుంచి సింగిల్స్‌కి వెళ్లాడు. ఇద్దరూ ఒకే రోజు ఒకే చోట పోడియం ఎక్కారు. శ్రీకాంత్‌ను మార్చినప్పుడు అది మెట్టు ఎక్కించడమనీ, మేనకోడలిని మారుస్తుంటే మెట్టు దించడమనీ ఎలా అంటాం?

సరే, ఏది మేలు?

బూన్‌సాక్ దారి ఎవరికి మేలంటే, కాళ్లలో బలం, ఒంటరిగా నిలబడగలిగే మనసు రెండూ ఉన్న పిల్లలకు. మ్యాచ్ ఓడాక ఎవరితోనూ మాట్లాడకుండా గంటసేపు గోడకు షటిల్ కొట్టుకుంటూ ఉండే పిల్లలు ఉంటారు చూడండి, వాళ్లకు. అలాంటి పిల్లని సింగిల్స్ నుంచి లాగితే ఆటే మానేస్తారు. ర్యాంకు 50 దగ్గర ఆగినా సరే, ఆడనివ్వండి. ఇద్దరిలో నాకు ఎక్కువ ఇష్టమైన కెరీర్ ఏదంటే తడుముకోకుండా బూన్‌సాక్‌దే అంటాను. ఆ నాలుగో స్థానం తర్వాత ఇంకో పన్నెండేళ్లు ఒలింపిక్స్‌కు వస్తూనే ఉన్న మనిషి మీద నాకు అంత గౌరవం.

కానీ ఇష్టం వేరు, సలహా వేరు. తమ వయసువాళ్లలో సింగిల్స్‌లో ముందు ముగ్గురో నలుగురో గట్టిగా పాతుకుపోయి ఉండి, నెట్ దగ్గర చేతివాటం బాగుండి, పక్కన మనిషి ఉంటే ఆట పెరిగే పిల్లలకు సప్సిరీ దారే మేలు. నా మేనకోడలు ఈ రెండో రకం. దాని సింగిల్స్ మ్యాచ్‌లు నేను చూశాను. మొదటి గేమ్‌లో బాగా ఆడి, మూడో గేమ్‌లో మొహం మాడ్చుకుని ఆడుతుంది. డబుల్స్‌లో వెనకబడినా సరే పక్క పిల్ల చేయి తట్టి మళ్లీ నిలబడుతుంది. కోచ్ చూసింది బహుశా ఇదే.

అయితే రెండు షరతులు. పద్దెనిమిది నిండేదాకా సింగిల్స్ సాధన ఆపకూడదు. టోర్నీల్లో రెండింటికీ పేరు ఇవ్వాలి. సప్సిరీకి పనికొచ్చింది ఆ పునాదే. రెండోది, మారాలన్న మాట చివరికి పిల్ల నోటి నుంచే రావాలి. కోచ్ చెప్పాడనో, సీటు ఖాళీగా ఉందనో మారిస్తే నిలవదు. అక్కకు ఇవన్నీ చెప్పాను. "అది ఏమంటుందో అడిగావా?" అన్నాను. అడగలేదట. ఆ రాత్రే అడిగింది. "నాకు డబుల్సే బాగుంటుందమ్మా, నువ్వు బాధపడతావని చెప్పలేదు" అందట.

పోయిన ఆదివారం జిల్లా స్థాయి టోర్నీకి నేనూ వెళ్లాను. గ్యాలరీలో అక్క పక్కనే కూర్చున్నాను. రెండో గేమ్ మధ్యలో అవతలివాళ్లు షటిల్‌ను మా పిల్ల తల మీదుగా ఎత్తారు. ఏడేళ్లుగా తల మీదుగా పోయే ప్రతి షటిల్ వెనకా పరుగెత్తిన పిల్ల. కాలు వెనక్కి పడబోయింది. వెనక నుంచి "నాది!" అని కేక వినిపించింది. కాలు ఆపేసి, నెట్ ముందు మోకాళ్లు వంచి, రాకెట్ పైకెత్తి పట్టుకుంది.